చచ్చిన ఎలుకను ఎవరు తింటారో కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం.

పోయిన వారం మీ జిల్లా పేజీలో ఎలుకల సామూహిక నివారణ గురించి వచ్చిన వార్త రెండుసార్లు చదివాను. ఎర కలిపే పద్ధతి బాగా రాశారు. 96 పాళ్లు నూకలు, 2 పాళ్లు నూనె, 2 పాళ్లు బ్రోమోడయోలిన్ మందు. మొదటి రోజు సాయంత్రం కలుగులన్నీ మట్టితో మూసేయాలి, మర్నాడు తెరిచి ఉన్న కలుగుల్లోనే పొట్లం వేయాలి, ఊరంతా ఒకేసారి చేయాలి. అంతా సరే. చచ్చిన ఎలుకను ఏం చేయాలో మాత్రం ఒక్క ముక్క లేదు. ఆ ముక్క కోసమే ఈ ఉత్తరం. పొడుగైతే మన్నించండి. ముప్పై ఏళ్లు పిల్లలకు బొమ్మలు నేర్పినవాణ్ని, చూసింది చూసినట్టు చెప్పాలంటే నాకు కాస్త చోటు పడుతుంది.

నేను హైస్కూల్లో డ్రాయింగ్ మాస్టారుగా పనిచేసి రిటైరయ్యాను. దివిసీమలో కాలువ పక్కన రెండున్నర ఎకరాల మాగాణి ఉంది. చేసేది కౌలు రైతు, గట్ల మీద తిరిగేది నేను. ఆ కాలువ మలుపులో జమ్ము దట్టంగా పెరిగిన చోట నాలుగేళ్లపాటు ఒక జంగుపిల్లిని చూశాను. మా వైపు ఏ అడవి పిల్లి కనిపించినా బావురుపిల్లి అనేస్తారు. ఇది అది కాదు. బావురుపిల్లికి ఒంటినిండా మచ్చలుంటాయి, నీళ్లలో దిగి చేపలు పడుతుంది. దీనికి ఒంటి మీద మచ్చల్లేవు, ఎండిన గడ్డి రంగు. కాళ్ల మీద మాత్రం రబ్బరుతో చెరిపినా పోని పెన్సిలు గీతల్లాంటి చారలు. ఇంట్లో పిల్లి కంటే కాళ్లు పొడుగు, తోక పొట్టి, తోక చివర నల్ల ఉంగరాలు, చెవుల కొసల్లో నాలుగు నల్ల వెంట్రుకలు. మంచు పట్టిన పొద్దుల్లో గట్టు మీద కూర్చుని చేనులోకి చెవులు తిప్పుతూ ఉండేది. చూపు కంటే ముందు చెవులు వెళ్లేవి. నా దగ్గర దానివి పదకొండు స్కెచ్‌లు ఉన్నాయి, ఒక్కటీ సరిగ్గా రాలేదు.

అది ఏం తింటుందో తెలుసుకోవడానికి దాని వెంట పడక్కర్లేదు. గట్టు మీద దాదాపు ఒకే చోట పెంట వేసేది. ఎండాక పుల్లతో విడదీసి చూసేవాణ్ని. (ఈ సంగతి పేపరుకు రాయొద్దని మా ఆవిడ అంది.) బూడిద రంగు బొచ్చు, అగ్గిపుల్ల కంటే సన్నటి ఎముకలు, నారింజ రంగు పళ్లు. ఎలుక ముందు పళ్లు తెల్లగా ఉండవు, పసుపు, నారింజ కలిసిన రంగులో ఉంటాయి. ఒక్కోసారి పిట్ట ఈకలు, మిడతల కాళ్లు కూడా ఉండేవి. కోడి ఈక కనిపించింది ఒకే ఒక్కసారి. ఊళ్లో మాత్రం ఏ కోడి పోయినా ఆ నేరం దాని మీదే పడేది.

నా పుల్ల పరిశోధన అలా ఉంచండి. రాజస్థాన్‌లోని సరిస్కాలో జంగుపిల్లి, కారకల్ అనే మరో అడవి పిల్లి, నక్క పెంటలను సేకరించి లెక్కగట్టిన పరిశోధన ఒకటి 2004లో అచ్చయింది. మూడింటి తిండిలోనూ ఎలుకలదే పెద్ద భాగమని తేలింది. ఒక జంగుపిల్లి రోజుకు మూడు నుంచి ఐదు ఎలుకల్ని తింటుందని అంచనా వేశారు. నాలుగే అనుకుందాం. ఏడాదికి 1,460. అన్నీ నా చేలోవే అనను, దానికి నా సరిహద్దు రాళ్లు తెలియవు కదా. కానీ జీతం అడగని కాపలా అది.

కిందటి సార్వాలో, అంటే వానాకాలం పంటలో, వరి చిరుపొట్ట మీద ఉండగా మందు పెట్టాం. పెట్టక తప్పలేదు. ఎలుక దుబ్బులోకి దూరి పిలకల్ని ఏటవాలుగా కొరికేస్తే చేను మధ్యలో బోడిగుండులా ఖాళీలు పడతాయి, గట్టు మీద నుంచి చూస్తే పైకి పచ్చగానే ఉంటుంది. అలాంటి ఖాళీలు ఆ ఏడు మా చేలో ఏడు లెక్కపెట్టాను. కోతయ్యాక కలుగు తవ్వితే లోపల కొట్టులో సర్దినట్టు వెన్నులు. కౌలు రైతు కోపం నాకు తెలుసు, అది న్యాయమైన కోపమే.

మందు పెట్టిన నాలుగైదు రోజులకు, పట్టపగలు, గట్టు మీద ఒక ఎలుక తాగినవాడిలా తూలుతూ పోవడం చూశాను. నా కాలి చప్పుడుకు కూడా పరుగెత్తలేదు. మర్నాడు పొద్దున జమ్ము అంచున జంగుపిల్లి పడి ఉంది. ఒంటి మీద గాయం లేదు, ముక్కు దగ్గర నెత్తురు ఎండిపోయి ఉంది. "పామేదో కాటేసుంటది మాస్టారూ" అన్నాడు కౌలు రైతు. కావచ్చు. నేను పరీక్ష చేయించలేదు, కాబట్టి ఎవరి మీదా నింద వేయను. మందు పెట్టించిన వాళ్లలో నేనూ ఉన్నాను.

కానీ ఆ మందు పనిచేసే తీరు తెలిశాక నాకు నిద్ర పట్టలేదు. జింకు ఫాస్ఫైడ్ అనే మరో ఎలుకల మందు అయితే తిన్న ఎలుక గంటల్లో చస్తుంది. బ్రోమోడయోలిన్ అలా కాదు. నెత్తురు గడ్డకట్టే గుణాన్ని పోగొడుతుంది, ఎలుక చావడానికి కొన్ని రోజులు పడుతుంది. అందుకే ఎలుకలకు ఎర మీద అనుమానం రాదు, అందుకే మనకు అది మంచి మందు. ఆ కొన్ని రోజులూ ఎలుక కడుపులో, కాలేయంలో మందు మోస్తూ పొలమంతా తిరుగుతుంది. నీరసంగా ఉంటుంది, పగలు కూడా బయటికొస్తుంది. జంగుపిల్లికైనా, ముంగిసకైనా, నక్కకైనా, గుడ్లగూబకైనా అంతకంటే సులువైన వేట ఉంటుందా? ఒక్క ఎలుకతో చావకపోవచ్చు. మందు కాలేయంలో నిలవ ఉండే రకం, మూడో ఎలుకో ఐదో ఎలుకో తిన్నాక లెక్క తేలుతుంది. ఎలుక మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకున్నట్టు అని మన పెద్దవాళ్లు ఊరికే అనలేదు.

జంగుపిల్లులుంటే ఎలుకల మందే అక్కర్లేదని నేను వాదించడం లేదు. ఈ మాట స్పష్టంగా చెప్పాలి, లేకపోతే రైతులు నన్ను చూసి నవ్వుతారు. పొలం ఎలుక మూడు వారాల్లో ఈనుతుంది, ఈతకు ఆరో ఎనిమిదో పిల్లలు. జంగుపిల్లి పెట్టేదే రెండు మూడు పిల్లల్ని, వాటికి వేట నేర్పడానికి నెలలు పడుతుంది. ఈ పరుగులో పిల్లి గెలవదు. కెనడాలో బొచ్చు చర్మాల వ్యాపారం చేసిన హడ్సన్స్ బే కంపెనీ పాత పద్దుల్లో ఇదే కథ అంకెల్లో ఉంది. అక్కడి అడవి పిల్లి లింక్స్ చర్మాలు ఎన్ని వచ్చాయో ఏడాదికేడాది రాసుకున్నారు. ఆ అంకెలు సుమారు పదేళ్లకోసారి పెరిగి పడిపోతుంటాయి. మంచు కుందేళ్లు పెరిగితే ఒకటి రెండేళ్లకు లింక్స్‌లు పెరిగాయి, కుందేళ్లు తగ్గితే అవీ ఆకలితో తగ్గాయి. అంటే ముందు పెరిగేదీ తిండే, ముందు తరిగేదీ తిండే. తినేది వెనక వస్తుంది.

మా పొలంలో దీన్ని తిరగేసి చదువుకోండి. మందుతో ఎలుకలూ పోతాయి, వాటిని తినేవీ పోతాయి. తర్వాత పక్క గట్ల నుంచి ముందుగా ఎవరు తిరిగొస్తారు? ఎలుకలే. తినేవి రావడానికి ఏళ్లు పడుతుంది, వచ్చినా దాక్కోవడానికి జమ్ము ఉండాలి. ఈలోగా ఎలుకకు అడ్డేలేదు, మళ్లీ మందే గతి.

అలాగని ఎక్కడినుంచో జంతువుల్ని తెచ్చి వదలమనడమూ తప్పే. 1872లో చెరకు తోటల్లో ఎలుకల్ని చంపుతాయని మన కలకత్తా నుంచి తొమ్మిది ముంగిసల్ని జమైకా దీవికి తీసుకుపోయారు. ఎలుకలు తిరిగేది రాత్రి, ముంగిస తిరిగేది పగలు. అవి ఎలుకలతో ఆగక ఆ దీవి పక్షుల్నీ బల్లుల్నీ పట్టాయి. మనకు తేవాల్సిన పని లేదు, ఉన్నవాటిని చంపకుండా ఉంటే చాలు.

ముంగిస పేరెత్తాను కాబట్టి నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ నాకిష్టమైన కుంచెలు ముంగిస వెంట్రుకలవి. రంగు నీళ్లు పట్టుకుంటాయి, కొస సూదిలా నిలుస్తుంది, గీత వణకదు. ఒక్కో వెంట్రుక మీద లేత రంగు, ముదురు రంగు కట్లు కట్లుగా ఉంటాయి, చూసి మురిసిపోయేవాణ్ని. ఆ వెంట్రుకలు ఎక్కడివని ఎన్నడూ అడగలేదు. ముంగిసను బతికుండగా గొరిగి తీసేవి కావవి, చంపి పీకేవే. ఒక్క జంతువు నుంచి వచ్చేది కొద్ది గ్రాములు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ముంగిసను చంపడం నేరం. ఆ కుంచెల అమ్మకమూ నేరమే. ఇది నాకు తెలిసేసరికి నా కుంచెల డబ్బాలో అవి పద్నాలుగు ఉన్నాయి. ఒకపక్క కుంచె కోసం ముంగిసను చంపించి, మరోపక్క చేలో ఎలుకలు పెరిగాయని గొణుక్కున్నవాణ్ని నేనే. ఇప్పుడు నైలాన్ కుంచెలు వాడుతున్నాను, గీత కొంచెం వణుకుతుంది. కుంచె వల్లో, వయసు వల్లో తెలీదు.

ఈ సార్వాకు మా కౌలు రైతుతో ఒక ఒప్పందానికి వచ్చాను. ముందుగా బుట్టలు పెట్టించాం. ఎలుకల్ని పట్టే వెదురు బుట్టల పనిలో యానాదులది అందెవేసిన చేయి, అడుగుజాడ చూసి ఏ కలుగులో ఎలుక ఉందో చెప్పేస్తారు. ఒక పెద్దాయన రెండు రాత్రులు పెట్టి యాభై పైచిలుకు పట్టాడు. ఆయన కొడుకు చెన్నైలో పనికి పోయాడు, ఇక బుట్ట అల్లేవాడు ఇంట్లో లేడు. ఈ పనికి సబ్సిడీ ఇవ్వొచ్చు కదా అని నాకనిపిస్తుంది, మందుకు ఇస్తున్నప్పుడు. బుట్టలకు దొరకని చోటే మందు పొట్లాలు వేశాం, కలుగు లోపలికి తోసి, పైన పడేయకుండా.

ఆ తర్వాతి పనే అసలు గొడవ. మూడో రోజు నుంచి రోజూ పొద్దున్నే గట్లు తిరిగి చచ్చిన ఎలుకల్ని, తూలుతున్న ఎలుకల్ని ఏరడం. "మాస్టారికి పనేం లేదు, చచ్చిన ఎలుకలేరుకుంటున్నాడు" అని టీ కొట్టు దగ్గర అనుకున్నారట. అనుకోనివ్వండి. చేతికి ప్లాస్టిక్ కవరు తొడుక్కుని, బకెట్లో వేసి, కాలువకు దూరంగా మోకాలి లోతు గొయ్యి తీసి పూడ్చాను. పన్నెండు రోజుల్లో ముప్పై ఒకటి. ఎక్కువ ఎలుకలు కలుగుల్లోనే చస్తాయి, పైకొచ్చేవి ఇన్నే. కానీ పిల్లికి దొరికేవి కూడా ఆ పైకొచ్చినవే. ఏడో రోజున పక్క చేను కుర్రాడు కూడా బకెట్ తెచ్చుకున్నాడు. వాళ్ల కుక్క మీద భయంతో వచ్చాడులెండి, జంగుపిల్లి మీద ప్రేమతో కాదు. ఏదైతేనేం.

కాలువ మలుపులో జమ్మును ఈసారి కోయనివ్వలేదు, తగలబెట్టనివ్వలేదు. పది గజాల ముక్క. అందులో ఎలుకలుంటాయని మా కౌలు రైతు ఇప్పటికీ సణుగుతున్నాడు. ఉంటాయి, నిజమే. అవి లేకపోతే జంగుపిల్లి ఎందుకొస్తుంది?

సంపాదకులవారూ, దాళ్వాకు, అంటే రెండో పంటకు, ముందు మళ్లీ ఆ వార్త వేస్తారు, ఏటా వేస్తున్నారు. అప్పుడు ఎర కలిపే పాళ్ల కింద ఈ వాక్యం చేర్చండి: "మందు పెట్టిన మూడో రోజు నుంచి పదిహేను రోజుల పాటు రోజూ పొద్దున్నే చచ్చిన, తూలుతున్న ఎలుకల్ని ఏరి, చేతికి తగలకుండా తీసి, లోతుగా పూడ్చాలి." మీ కాలమ్‌లో నాలుగు లైన్లు కూడా పట్టదు. చోటు చాలకపోతే పక్కన వేసే ఎలుక బొమ్మను కాస్త చిన్నది చేయండి. పోయిన వారం వేసిన బొమ్మలో ఎలుకకు తోక ఎటూ తప్పుగానే గీశారు.

భవదీయుడు,
విశ్రాంత డ్రాయింగ్ మాస్టారు,
దివిసీమ, కృష్ణా జిల్లా