ఫోన్ మార్చి ఇవ్వమంటున్న మా కస్టమర్లకు

మా షాపులో ఈ మధ్య అమ్మిన ఒక మోడల్ ఫోన్లు ఇబ్బంది పెడుతున్నాయి. మాట్లాడుతుండగానే ఆగిపోయి దానంతటదే ఆన్ అవుతోంది. కొన్నింట్లో సిగ్నల్ పూర్తిగా పోతోంది. కొన్నవాళ్లు నేరుగా విజయవాడ గవర్నర్‌పేటలో మా షాపుకే వచ్చి మార్చి ఇవ్వమంటున్నారు. అడగడం న్యాయమే, డబ్బులు తీసుకున్నది నేనే కదా. మరి అక్కడికక్కడే ఎందుకు మార్చి ఇవ్వలేకపోతున్నానో, ఇక మీదట ఏం చేస్తానో ఉన్నది ఉన్నట్టు చెబుతాను.

పాడైన ఫోన్‌ని డిస్ట్రిబ్యూటర్ నా దగ్గర వెనక్కి తీసుకోవాలంటే డీఓఏ సర్టిఫికెట్ కావాలి. పెట్టె తెరిచినప్పటి నుంచే ఫోన్‌లో లోపం ఉందని కంపెనీ సర్వీస్ సెంటర్ రాసిచ్చే కాగితం అది. ఈ మోడల్‌కి గడువు బిల్లు తేదీ నుంచి 7 రోజులు. ఆ కాగితం లేకుండా నేను మార్చి ఇస్తే ఫోన్ ధర మొత్తం నా మీదే పడుతుంది. పది పన్నెండు వేల ఫోన్ మీద మాకు మిగిలేది వందల్లోనే. ఒకటో రెండో భరించగలను, వచ్చిన ప్రతి ఫోనూ భరిస్తే షాపు నడవదు.

ఏడు రోజులు చాలవా అని మీరు అడగొచ్చు. సత్యనారాయణపురంలో కర్రీ పాయింట్ నడిపే ఒకావిడకి చాలలేదు. ఆర్డర్లు, డబ్బులు అన్నీ ఆవిడకి ఫోన్ మీదే. కొన్న మర్నాడే ఆగిపోతోందని సర్వీస్ సెంటర్‌కి వెళితే, సాఫ్ట్‌వేర్ మళ్లీ ఎక్కించి ‘వాడి చూడండమ్మా’ అని పంపేశారు. సమస్య ఏంటో, ఫోన్ ఎప్పుడు తెచ్చారో రాసిచ్చే జాబ్ షీట్ ఇవ్వలేదు. ఫోన్ మళ్లీ ఆగిపోయింది. ఈసారి అబ్జర్వేషన్ అని అక్కడే ఉంచుకున్నారు. వాళ్ల ముందు ఆగలేదట, అందుకని ‘లోపం కనిపించలేదు’ అని రాసి తిరిగి ఇచ్చారు. ఇంటికి తెచ్చుకున్న పూటే మళ్లీ అదే తంతు. అప్పటికి గడువు దాటిపోయింది కాబట్టి ఇక రిపేరే గానీ రీప్లేస్‌మెంట్ లేదన్నారు. ‘తమ్ముడూ, కొత్త ఫోన్‌కి డబ్బులిచ్చి రిపేర్ చేసిన ఫోన్ ఎందుకు తీసుకోవాలి?’ అని ఆవిడ కౌంటర్ దగ్గర నిలబడి అడిగితే నేనేం చెప్పను? ఫోన్ వాళ్ల దగ్గర ఉన్న రోజుల్ని కూడా గడువులో లెక్కేయడం అన్యాయం. ఈ మాట కంపెనీ ఏరియా మేనేజర్‌కి ఫోన్‌లో చెప్పాను, మెయిల్‌లోనూ రాశాను. రూల్స్ ఇంతే అన్నారు. పైగా ఫోన్ సర్వీస్ సెంటర్‌లో ఉన్నా ఈఎంఐ మాత్రం ఆగదు.

చివరికి ఆవిడ ఫోన్‌కి మదర్‌బోర్డు మార్చారు. ఇక్కడ చాలామందికి తెలియని చిక్కు ఒకటుంది. బోర్డు మారితే ఐఎంఈఐ నంబరు, అంటే ఒక్కో ఫోన్‌కీ విడిగా ఉండే గుర్తింపు నంబరు కూడా మారొచ్చు. బిల్లు మీద, పెట్టె మీద ఒక నంబరు ఉంటే, *#06# కొట్టినప్పుడు ఇంకో నంబరు కనిపిస్తుంది. రేపు ఫోన్ పోయి, పోయిన ఫోన్లను పనిచేయకుండా ఆపే ప్రభుత్వ పోర్టల్ సీఈఐఆర్‌లో బ్లాక్ చేయించాలన్నా, మళ్లీ వారంటీకి వెళ్లాలన్నా ఇబ్బందే. కొత్త నంబరు రాసిన సర్వీస్ రిపోర్టు చేతికి వచ్చేదాకా అక్కడి నుంచి కదలకండి.

ఇంకొందరికి ‘లోపల తడి తగిలింది, వారంటీ వర్తించదు’ అంటున్నారు. చాలా ఫోన్లలో లోపల ఒక చిన్న తెల్ల స్టిక్కర్ ఉంటుంది, నీళ్లు తగిలితే ఎర్రబడుతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు, తడిసిన ఫోన్లకు వారంటీ రాదంటే మా కస్టమర్లు అర్థం చేసుకున్నారు. షరతుల్లో ఉన్న విషయమే అది. పెట్టె మీద నీళ్లను తట్టుకుంటుందని చెప్పే ఐపీ68 అని ఉన్నా నీళ్లతో పాడైతే మామూలుగా వారంటీ ఇవ్వరు. కానీ నీళ్ల చుక్క తగలని ఫోన్‌కీ ఇదే మాట చెబితే ఒప్పుకోవద్దు. మీ ముందే విప్పి స్టిక్కర్ చూపించమనండి, ఫొటో తీసుకోండి.

ఆ మోడల్ అమ్మడం ఆపేశాను. ఏ కంపెనీ ఫోన్ అయినా సరే, ఇక నుంచి కౌంటర్ మీదే పెట్టె తెరిచి, సిమ్ వేసి, కాల్ చేసి, ఛార్జింగ్ పెట్టి చూశాకే ఇస్తాం. కాస్త ఆలస్యమవుతుంది, ఓపిక పట్టండి. మొదటి వారంలో ఏ తేడా కనిపించినా ముందు ఆ తేడాని వీడియో తీసి మాకు వాట్సాప్ చేయండి. మా కుర్రాడు మీతో పాటు సర్వీస్ సెంటర్‌కి వస్తాడు. సమస్య మీరు చెప్పింది చెప్పినట్టు జాబ్ షీట్‌లో తేదీతో సహా రాయిస్తాడు. గడువులోపే కంప్లయింట్ ఇచ్చామని చూపించడానికి అంతకంటే గట్టి ఆధారం లేదు. ఫోన్ అక్కడ ఉన్నన్నాళ్లూ వాడుకోవడానికి మా దగ్గరున్న పాత ఫోన్లలో ఒకటి ఇస్తాం. మీ ఫోన్‌ని సర్వీస్ సెంటర్‌లో ఇచ్చేముందు అందులోని ఫొటోలు, నంబర్లు బ్యాకప్ చేసిపెడతాం, రిపేర్‌లో డేటా ఉంటుందన్న గ్యారంటీ లేదు.

అయినా కంపెనీ మొండికేస్తే 1915కి ఫోన్ చేయండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ అది, తెలుగులోనే మాట్లాడొచ్చు. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 చట్టం ప్రకారం మీరు ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు, కంపెనీ ఆఫీసు ఎక్కడున్నా పర్వాలేదు. వస్తువుకి మీరిచ్చిన డబ్బు 5 లక్షల లోపైతే ఫీజు లేదు, లాయర్‌ని పెట్టుకోవాలన్న నిబంధనా లేదు. రెండేళ్లలోపు వేయాలి. అమ్మినవాడిగా నా పేరు కూడా అందులో చేర్చండి, నేనేమీ అనుకోను. బిల్లు, మెయిల్స్ అన్నీ నేనే తెచ్చి కమిషన్ ముందు పెడతాను. కర్రీ పాయింట్ ఆవిడ తరఫున 1915లో ఫిర్యాదు నమోదైంది, కంపెనీ జవాబు ఇంకా రాలేదు. వస్తే ఇక్కడే రాస్తాను.

ఆ మోడల్ కొన్న మిగతావాళ్లు, ఫోన్ ఇప్పుడు బాగానే ఉన్నా సరే, బిల్లు, పెట్టె తీసుకుని ఒకసారి షాపుకి రండి. ఆదివారం కూడా మధ్యాహ్నం దాకా తీసే ఉంటాం.