ముందు సీట్లో ఆసులు దాచొద్దు

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో పోకర్ వ్యాసం చదివాను. ముందు సీట్లో, అంటే మిగతావాళ్లకంటే ముందే ఆడాల్సిన చోట, ఆసుల జత పడితే రెయిజ్ చేయకుండా (పందెం పెంచకుండా) ఊరికే కాల్ చేసి (ఉన్న పందేనికి సరిపడా పెట్టి) మాటు వేయాలన్న సలహా నాకు అస్సలు నచ్చలేదు. చిన్న పందేల ఆటలో కొత్తవాళ్లను నిలువునా ముంచేది అదే.

ఆ బల్లల దగ్గర చాలామందికి ముక్కలు పారేయడం ఇష్టం ఉండదు, కాల్ చేస్తూనే ఉంటారు. ఏవో రెండు ముక్కలున్న ఒక్కరి మీద ఆసుల జత గెలిచే అవకాశం సుమారు 85 శాతం. అలాంటివాళ్లు నలుగురైతే అది 56 దగ్గరికి దిగుతుంది. మా బల్ల మీద ఒకాయన ఇలాగే కాల్ చేసి ఊరుకున్నాడు. ఐదుగురు ఫ్లాప్ (బల్ల మీద అందరికీ కలిపి తెరిచే మొదటి మూడు ముక్కలు) చూశారు: తొమ్మిది, ఎనిమిది, ఏడు, అందులో రెండు ఆఠీన్లు. వాటితో ఎవరికైనా వరుస గానీ, ఐదూ ఒకే రంగు గానీ కుదిరితే ఆసుల జత ఓడిపోతుంది. ఇక ఎవరు పందెం పెంచినా ఆయనకు టెన్షనే. వాళ్లలో ఎవరి దగ్గర ఏముందో ఎలా తెలుస్తుంది?

అందుకే ఆసులు, రాజులు, రాణులు, ఆసు-రాజు వస్తే నేరుగా రెయిజ్ చేయాలి. మామూలుగా బిగ్ బ్లైండ్‌కు (ముక్కలు చూడకముందే ఒకరు తప్పనిసరిగా పెట్టే పందేనికి) మూడు రెట్లు చాలంటారు, కానీ అందరూ కాల్ చేసే బల్ల మీద నాలుగైదు రెట్లు పెట్టినా వచ్చేవాళ్లు వస్తారు. వేర్వేరు రంగుల ఆసు-జాకీని మాత్రం ఆ సీట్లో పారేయడమే మేలు, వెనక ఇంకా చాలామంది ఆడాల్సి ఉంటుంది కాబట్టి.

దయచేసి ఈ సంగతి వచ్చే వారం సవరణగా వేయండి.

— ఒక పాఠకురాలు