విశాఖ పాతపట్నంలో నేర చరిత్ర నడక: సభ్యులకు వార్షిక నివేదిక

గౌరవ సభ్యులకు కార్యవర్గం తరఫున నమస్కారాలు.

గత సర్వసభ్య సమావేశంలో మీరు ఆమోదించిన తీర్మానం మేరకు ఈ ఏడాది మన సంఘం చేపట్టిన ప్రధాన కార్యక్రమం విశాఖపట్నం నేర చరిత్ర నడక. ఎండలు ముదరకముందే పూర్తి చేయాలన్న ఉద్దేశంతో శీతకాలపు ఆదివారాలలో, తెల్లవారుజామున బురుజుపేటలో మొదలుపెట్టి ఆర్టీసీ కాంప్లెక్స్ సమీపాన ఒకప్పుడు సెంట్రల్ జైలు ఉన్న స్థలంలో ముగించే విధంగా దీనిని నిర్వహించాం. సభ్యుల కుటుంబాలతోపాటు కాలేజీ విద్యార్థులు, యువ న్యాయవాదులు, పోలీసు, జైళ్ల శాఖలలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న పెద్దలు కూడా వచ్చారు. సంఘం యథావిధిగా జరిపే ఇతర కార్యక్రమాల జోలికి ఈ నివేదికలో పోవడం లేదు. ఈ నడకపై మెప్పుతోపాటు గట్టి అభ్యంతరాలు కూడా లిఖితపూర్వకంగా అందాయి కాబట్టి, ఏం చేశామో, ఎందుకు అలా చేశామో వివరంగా చెప్పడం మా విధి.

మొదటి అభ్యంతరం ఊరి పరువుకు సంబంధించినది. సముద్రం, కొండలు, సింహాద్రి అప్పన్న సన్నిధి ఉన్న ఊళ్లో హత్యలను, దోపిడీలను వెతికి చూపించడం ఎందుకని కొందరు పెద్దలు అడిగారు. అడగవలసిన ప్రశ్నే. అయితే ఒక ఊరు తన తగాదాలను ఎలా తీర్చుకుంది, ఎవరిని శిక్షించింది, ఎవరిని శిక్షించకుండా వదిలేసింది అన్నవి తెలియకుండా ఆ ఊరి చరిత్ర తెలిసిందని అనుకోలేమని కార్యవర్గం నమ్మకం. కోటలు, ఓడలు, కలెక్టర్ల పేర్లు పుస్తకాలలో దొరుకుతాయి. ఓ మామూలు సిపాయి గురించి, ముఠాదారు (కొండ గ్రామాల స్థానిక అధిపతి) గురించి, కొండల్లో కూలి గిట్టక తిరగబడ్డ మనిషి గురించి కాగితం మీద ఏదైనా మిగిలిందంటే చాలాసార్లు అది కోర్టు రికార్డులోనో, పోలీసు నివేదికలోనో మాత్రమే మిగిలింది.

రెండో అభ్యంతరం ఇంతకన్నా బరువైనది. ఇలాంటి నడకలు చావును వినోదంగా మారుస్తాయని ఒక సభ్యురాలు రాశారు. లండన్‌లో 1888లో వైట్‌చాపెల్ ప్రాంతంలో జరిగిన హత్యల చుట్టూ ఎన్నో ఏళ్లుగా నడుస్తున్న పర్యటనలను ఆమె ఉదాహరణగా చూపారు. ఎవరో నేటికీ తేలని ఆ హంతకుడికి పెట్టిన ‘జాక్ ద రిప్పర్’ అన్న మారుపేరు లోకమంతటికీ తెలుసు. చనిపోయిన మేరీ ఆన్ నికోల్స్, ఆనీ చాప్‌మన్, ఎలిజబెత్ స్ట్రైడ్, కేథరిన్ ఎడోస్, మేరీ జేన్ కెల్లీల పేర్లు అడిగితే చెప్పగలిగేవారు తక్కువ. ఆమె లేఖను కార్యవర్గం రెండుసార్లు చదివి, నడకకు నియమావళి రాసేటప్పుడు దానినే ప్రాతిపదికగా తీసుకుంది. నెత్తుటి వర్ణన ఉండదు. రాత్రిపూట నడక ఉండదు. వేషాలు వేయడం, అరుపులు వినిపించడం లాంటివి ఉండవు. చంపినవాడి గురించి చెప్పే ముందు చనిపోయినవారి గురించి తెలిసినంత చెప్పాలి. రికార్డు లేని కథను ఎంత రసవత్తరంగా ఉన్నా చెప్పరాదు. లైంగిక నేరాల బాధితుల గుర్తింపును బయటపెట్టడం భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ ప్రకారం, కేసుతో సంబంధమున్న పిల్లల గుర్తింపును బయటపెట్టడం బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ ప్రకారం నేరాలు కాబట్టి, అలాంటి కేసులను దరిదాపులకు కూడా రానివ్వలేదు.

ఇక నడక విషయానికి వస్తే, బురుజుపేటలో కనకమహాలక్ష్మి అమ్మవారికి దణ్ణం పెట్టుకుని బయలుదేరి కోటవీధికి చేరడంతో మొదటి ఘట్టం ఆరంభమవుతుంది. ఇప్పుడక్కడ కోట లేదు, పేరొక్కటే మిగిలింది. ఈస్టిండియా కంపెనీ 1682లో ఇక్కడ వర్తక స్థావరం పెట్టుకుంది. ఔరంగజేబుతో కంపెనీకి వైరం ముదిరిన రోజుల్లో, 1689లో, మొగలు సేనలు ఆ స్థావరాన్ని పట్టుకుని అందులో ఉన్న ఆంగ్లేయులను చంపాయి. దీనిని హత్య అనాలా, యుద్ధం అనాలా అని విద్యార్థులు ప్రతిసారీ వాదించుకునేవారు. మార్గదర్శకులు తీర్పు చెప్పకుండా ఆ వాదనను సాగనిచ్చారు, ఎందుకంటే ఆ తర్వాత చెప్పబోయే 1780 నాటి సంఘటనకు అది మంచి నాంది.

ఆ సంఘటన దగ్గర మేము ఎక్కువసేపు ఆగాం. 1780 వేసవిలో మైసూరు పాలకుడు హైదర్ అలీ కర్ణాటిక్ ప్రాంతం (నేటి తమిళనాడు వైపు భాగం) మీద దండెత్తాడు. సెప్టెంబరు 10న పొల్లిలూరులో కంపెనీ సేన చిత్తుగా ఓడింది. మద్రాసును కాపాడుకోవడానికి ఉత్తర సర్కారుల (నేటి కోస్తా జిల్లాల) నుంచి బలగాలను రప్పించాలని అధికారులు నిర్ణయించారు. విశాఖపట్నంలో ఉన్న సిపాయిలను ఓడ ఎక్కమని అక్టోబరు 3న ఆజ్ఞాపించగా, వారు ఎక్కడానికి నిరాకరించి తమ అధికారుల మీదే తుపాకులు కాల్చారు. కొందరు ఆంగ్లేయులు అక్కడికక్కడే చనిపోయారు. సిపాయిలు ఊరిని దోచుకుని వెళ్లిపోయారు. 1857కు డెబ్బై ఏడేళ్ల ముందు మన ఊళ్లో జరిగిన ఈ తిరుగుబాటు గురించి విశాఖలో పుట్టి పెరిగినవారిలో చాలామంది ఈ నడకలోనే మొదటిసారి విన్నామని చెప్పారు. కంపెనీ రికార్డులో చనిపోయిన అధికారుల పేర్లు, హోదాలు ఉంటాయి. ఓడ ఎక్కితే ఇంటిదగ్గర పెళ్లాం పిల్లల గతి ఏమవుతుందోనని ఏ సిపాయి ఎంత బెంగపడ్డాడో అందులో ఉండదు. చనిపోయిన అధికారుల పట్ల గౌరవం తగ్గకుండా, తిరగబడ్డవారిని కేవలం హంతకులుగా చిత్రించకుండా చెప్పడం ఎలాగన్న విషయం మీద మా మార్గదర్శకులు ఎంతో కష్టపడ్డారు. వారికి సంఘం ఋణపడి ఉంది.

పాత పోస్టాఫీసు, టౌన్‌హాల్ మీదుగా ఏవీఎన్ కాలేజీ వైపు వచ్చేసరికి కథ ఇరవయ్యో శతాబ్దంలోకి వస్తుంది. అల్లూరి సీతారామరాజు కొంతకాలం ఆ విద్యాసంస్థలోనే చదువుకున్నాడు. ఆయనను నేర చరిత్ర నడకలో ప్రస్తావించడమే అపచారమని ఒక సభ్యుడు నిరసన తెలిపారు. ఆయన ఆవేదనను అర్థం చేసుకున్నాం. కానీ నాటి ప్రభుత్వం సీతారామరాజును నేరస్థుడిగానే రాసుకుందన్న సంగతి దాచితే, 1882 నాటి మద్రాసు అటవీ చట్టం కొండవాళ్ల పోడును ఎలా నేరంగా మార్చిందో, గూడెం డిప్యూటీ తాసీల్దారు బాస్టియన్ రోడ్డు పనుల్లో వారి చేత ఎలా వెట్టి చేయించాడో చెప్పే అవకాశమే పోతుంది. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద రాజు దళం దాడులు చేసింది. మూడింటిలో కలిపి 26 తుపాకులు పోయాయి. 1924 మే 7న కొయ్యూరు దగ్గర పోలీసుల చేతిలో బందీగా ఉన్న రాజును కాల్చి చంపారు. కోర్టు లేదు, విచారణ లేదు. ఈ మార్గంలో చెప్పవలసిన నేరం అదేనని మార్గదర్శకులు స్పష్టంగా చెబుతారు, కార్యవర్గం దానితో ఏకీభవిస్తుంది.

రాజు అనుచరుడు గాం మల్లుదొర ప్రస్తావన దగ్గర వింటున్నవారిలో కదలిక కనిపించేది. ఆయన పట్టుబడి, శిక్ష పడి, అండమాన్ జైలులో ఏళ్ల తరబడి ఉన్నాడు. స్వాతంత్ర్యం వచ్చాక 1952లో జరిగిన మొదటి సార్వత్రిక ఎన్నికలలో, అప్పట్లో ఇద్దరు సభ్యులను ఎన్నుకునే విశాఖపట్నం స్థానం నుంచే ఆయన లోక్‌సభకు ఎన్నికయ్యాడు. ముద్దాయిగా చూసిన జిల్లాయే ఆయనను ఢిల్లీకి పంపింది. ఈ విషయం పాఠ్యపుస్తకాల్లో ఎందుకు లేదని ఇంటర్ చదివే ఒక అమ్మాయి అడిగింది. ఆ ప్రశ్నను ఆమె చేతే రాయించి మా కార్యాలయ ఫైలులో భద్రపరిచాం.

ఒక జాగ్రత్త గురించి ఇక్కడే చెప్పాలి. 1871 నాటి నేరస్థ జాతుల చట్టం 1911 తర్వాత మద్రాసు రాష్ట్రానికి కూడా వర్తించి, పుట్టుకతోనే కొన్ని కులాలను, తెగలను దొంగలుగా ముద్ర వేసి పోలీసు హాజరీకి కట్టిపడేసింది. 1952లో ఆ చట్టం రద్దయినా మాటల్లో ఆ ముద్ర ఇంకా చెరగలేదు. నడకలో ఎవరైనా ఫలానా కులంవారు దొంగతనాలు చేస్తారన్న ధోరణిలో మాట్లాడితే మార్గదర్శకులు అక్కడే ఆపి, ఈ చట్టం సంగతి వివరించాలని కచ్చితమైన ఆదేశం ఇచ్చాం.

కింగ్ జార్జ్ ఆసుపత్రి దగ్గర ఆగకూడదని ముందే నిర్ణయించుకున్నాం. మార్చురీ బయట చెట్టుకింద ఎవరో ఒకరు తమవాళ్ల శవం కోసం ఎదురుచూస్తూ కూర్చునే ఉంటారు. వారి ఎదుట గుంపుగా నిలబడి శవపరీక్ష గురించి ఉపన్యాసం ఇవ్వడం మర్యాద కాదు. పంచనామా, పోస్టుమార్టం గురించి చెప్పవలసిందంతా విశ్రాంత వైద్యులొకరు ముందే చెప్పేవారు. ఆసుపత్రి ప్రహరీ పక్కనుంచి మాటలు లేకుండా నడిచి వెళ్లేవాళ్లం.

జిల్లా కోర్టు దగ్గర న్యాయవాది అయిన మన సభ్యురాలు ఒక హత్య కేసు ఎఫ్‌ఐఆర్ నుంచి తీర్పు దాకా ఎన్ని చేతులు మారుతుందో వివరించారు. 1862 జనవరి 1 నుంచి అమలులో ఉన్న భారత శిక్షాస్మృతి స్థానంలో 2024 జూలై 1న భారతీయ న్యాయ సంహిత వచ్చిందనీ, అందరి నోళ్లలో నానిన 302 సెక్షన్ ఇప్పుడు 103 అయిందనీ, 420 సెక్షన్ 318లోకి చేరిందనీ ఆమె చెబుతుంటే చాలామంది నోటుపుస్తకాలలో రాసుకున్నారు.

చివరి మజిలీ పాత సెంట్రల్ జైలు స్థలం. జైలు అడవివరానికి తరలిపోయాక ఇక్కడ నగర పార్కు వచ్చింది. విశ్రాంత వార్డరు ఒకరు చేతికర్రతో నేలమీద గీత గీసి, ములాఖత్ కోసం వచ్చిన బంధువులు ఎక్కడ వరుసలో నిలబడేవారో చూపించారు. ఏజెన్సీ నుంచి వచ్చే తల్లులు తువ్వాలులో కట్టుకొచ్చిన అన్నం లోపలికి పంపడానికి వీల్లేదంటే, దానిని అక్కడే కూర్చుని తామూ తినలేక, పారేయలేక అలాగే పట్టుకుని ఆఖరి బస్సుకు వెళ్లేవారని ఆయన చెప్పారు. ఆయన మాటలను ఆయన అనుమతితో రికార్డు చేశాం. ఇలాంటి వారి జ్ఞాపకాలను సేకరించడం ఇక వాయిదా వేయకూడని పని.

ఒక ప్రతిపాదనను ఈ ఏడాది కార్యవర్గం తిరస్కరించింది. ఇటీవలి దశాబ్దాలలో పత్రికలకెక్కిన ఒక హత్యను మార్గంలో చేర్చితే జనం ఎక్కువగా వస్తారని కొందరు సూచించారు. మృతుడి కుటుంబం ఇప్పటికీ అదే వీధిలో ఉంటోంది. ఆ ఇంటి ముందు టోపీలు పెట్టుకుని నిలబడి వేలు చూపించే హక్కు మనకు లేదు. బంధువులు జీవించి ఉన్న కేసును వారి లిఖితపూర్వక అంగీకారం లేకుండా ఎప్పటికీ చేర్చరాదన్న నియమాన్ని కార్యవర్గం తాత్కాలికంగా అమలు చేసింది. దానికి ఇప్పుడు మీ ఆమోదం కావాలి.

నడకకు నామమాత్రపు రుసుము తీసుకున్నాం, విద్యార్థులకు ఉచితం. జమాఖర్చుల పట్టికను ఆడిటరు పరిశీలించాక నోటీసు బోర్డులో ఉంచుతాం. కోటవీధి ఎత్తుపల్లాలు పెద్దవారికి ఇబ్బందిగా ఉన్నాయని ఫిర్యాదులు వచ్చాయి కాబట్టి, వచ్చే ఏడాది ఆ భాగానికి ఆటోలు ఏర్పాటు చేస్తాం. చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల దారిలో ఒక బస్సు యాత్ర జరపాలని, కృష్ణదేవిపేటలోని అల్లూరి సమాధి దగ్గర మన్యం పెద్దల చేతనే ఆ కథ చెప్పించాలని యోచిస్తున్నాం.

సభ్యుల ఇళ్లలో పాత దస్తావేజులు, తీర్పు నకళ్లు, సమన్లు, జైలు ఉత్తరాలు ఉంటే నకలు తీసుకునే అవకాశం ఇవ్వవలసిందిగా కోరుతున్నాం. అసలు కాగితాలు అదేరోజు తిరిగి అప్పగిస్తాం. మార్గదర్శకులుగా శిక్షణ పొందగోరే మహిళలు ముందుకు రావాలని ప్రత్యేకంగా విజ్ఞప్తి. బంధువుల అంగీకారానికి సంబంధించిన నియమంపైనా, బస్సు యాత్రపైనా రాబోయే సర్వసభ్య సమావేశంలో ఓటింగు జరుగుతుంది. హాజరు కాలేనివారు తమ అభిప్రాయాన్ని సంతకంతో రాసి సమావేశానికి ముందే సంఘ కార్యాలయంలో ఇవ్వగలరు.

కార్యవర్గం తరఫున,
కార్యదర్శి