పేరులోని చుక్కను ఒప్పుకోని ఫారం: మంత్రిగారికి బహిరంగ లేఖ

ఒడిశా రాష్ట్ర ఎలక్ట్రానిక్స్, సమాచార సాంకేతిక శాఖ మంత్రివర్యులకు,

గజపతి జిల్లా పర్లాకిమిడి నుంచి ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు నమస్కరించి వ్రాయునది.

దరఖాస్తులు నింపిపెట్టమని మా వీధివాళ్లు నా దగ్గరకు వస్తుంటారు. మొన్న జూన్‌లో పక్కింటి అమ్మాయి స్కాలర్‌షిప్పుకు ఆదాయ ధ్రువపత్రం కోసం ఆన్‌లైన్‌ ఫారం ముందు కూర్చున్నాం. ఆమె ఇంటిపేరు చకారంతో మొదలవుతుంది కనుక, మన తెలుగువాళ్ల వాడుక ప్రకారం పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంగ్లీషున సి, హెచ్ అని రెండక్షరాలు, పక్కన ఒక చుక్క, ఆపైన పేరు ఉన్నాయి. ఫారం ఆ చుక్కను ఒప్పుకోలేదు. చుక్క తీసేస్తే ఇంటిపేరు గడి ఖాళీగా ఉందన్నది. ఆ రెండక్షరాలనూ ఆ గడిలో పెడితే కనీసం మూడక్షరాలు ఉండాలన్నది. ఈ మూడు సంగతులూ ఒకేసారి చెప్పలేదు; చివరి బటన్ నొక్కిన ప్రతిసారీ ఒక్కొక్కటి చెప్పి, నాలుగోసారి గడువు ముగిసిందంటూ తండ్రి వృత్తి, భూమి వివరాలు, ఎక్కించిన కాగితాలతో సహా అంతా చెరిపేసి మొదటి పేజీకి పంపేసింది. ఆ పిల్ల నావైపు తిరిగి, "మాస్టారూ, నా పేరే తప్పా?" అని అడిగింది.

ఆ ఫారం మీ శాఖ తయారుచేసిందని నేను అనడం లేదు. ఇటువంటివాటికి ఒక పద్ధతి ఏర్పరచగలవారు మీరేనని రాస్తున్నాను.

వాడేవాళ్లకు ఒక సాఫ్ట్‌వేర్ లోటులేనిదిగా అనిపించడానికి హంగులు అక్కరలేదు. మనిషి పడ్డ శ్రమను పారేయకుండా, తెచ్చిన వివరాన్ని ఉన్నదున్నట్టు పుచ్చుకొని, ఎక్కడ ఆగిందో అర్థమయ్యే మాటలో చెబితే చాలు. 2016లో మొదలైన యూపీఐని చూడండి. మా బజారులో వంకాయలు అమ్మే ఆమెకు చదువు రాదు. అయినా డబ్బు పడగానే పెట్టె పలికే మొత్తాన్ని విని నిశ్చింతగా సంచి చేతికిస్తుంది. పంపేవారికేమో పిన్ కొట్టకముందే అవతలివారి పేరు కనిపిస్తుంది. అనుమానం పుట్టే చోటే జవాబు ఉంది.

మా సరిహద్దు జిల్లాల్లో పేర్ల చిక్కు ఇంకా ఎక్కువ. తెలుగులో ఎ, ఏ వేరు, ఒ, ఓ వేరు. ఒడియా లిపిలో ఆ తేడా చూపే అక్షరాలు లేవు. చెల్లమ్మ ఒడియాలోకి వెళ్లి యంత్రం చేతిమీదుగా తిరిగి తెలుగులోకి వస్తే చేల్లమ్మ అవుతుంది. ఇందులో ఒడియా లిపి లోపమూ లేదు, చెల్లమ్మ తప్పూ లేదు. రెండు లిపుల పేర్లను అక్షరం అక్షరం పోల్చి, తేడా కనబడగానే దరఖాస్తును తిప్పికొట్టడమే అన్యాయం. అటువంటివి ఒక అధికారి కంటితో చూసి, ఇద్దరూ ఒకరేనని నమోదు చేసే వీలు కల్పించండి. పేరుకు ఒకే గడి ఉంచండి; తప్పులన్నీ ఒక్కసారే చూపించి, నింపినంతవరకూ దాచిపెట్టే ఏర్పాటు చేయించండి.

మా ఊళ్లో ఉపాధ్యాయులుగా పనిచేసిన గిడుగు రామమూర్తి పంతులుగారు సవరలకు చదువు చెప్పడానికి ముందు తామే సవర భాష నేర్చుకున్నారు, ఆ భాషకు వ్యాకరణం, నిఘంటువు రాశారు. ఫారాలు రూపొందించే ఇంజనీర్లు కూడా ఒక్క వారం మా సరిహద్దు పట్టణాలకు వచ్చి, సేవా కేంద్రంలో బల్లకు ఇవతలివైపు మా పక్కన కూర్చోవాలని నా విన్నపం.

లోపమే లేని సాఫ్ట్‌వేర్ కావాలని పట్టుబట్టడం లేదు. 1978లో టెక్ అనే అచ్చుకూర్పు సాఫ్ట్‌వేర్‌ను విడుదల చేసిన డొనాల్డ్ కనూత్ కూడా తప్పు పట్టి చూపినవారికి బహుమతిగా చెక్కు పంపుతూ, దిద్దుకుంటూ వచ్చారు. మాకు చెక్కులు అక్కరలేదు. తప్పు చెప్పుకోవడానికి ఒక చోటు, చెప్పినదానికి ఒక జవాబు ఉంటే చాలు.

ఆ అమ్మాయికి ధ్రువపత్రం వచ్చింది. వేరే దారిలేక ఇంటిపేరు గడిలో పేరునే మళ్లీ రాశాం కనుక, అందులో ఆమె పేరు రెండుసార్లు అచ్చయింది. పదో తరగతి సర్టిఫికెట్‌తో అది సరిపోలడం లేదని కళాశాలవారు తిప్పి పంపారు. ఈ ఆదివారం మళ్లీ కూర్చుంటున్నాం.

భవదీయుడు,
విశ్రాంత ఉపాధ్యాయుడు, పర్లాకిమిడి