తూటాల లాట్ నంబరు పిల్లలకీ చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

2024 పారిస్ ఒలింపిక్స్‌లో మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్‌ని చూసి, బెంగళూరులో మా అమ్మాయి కూడా 25 మీటర్ల పిస్టల్ మొదలుపెట్టింది. పోయిన నెల ఒక పోటీలో, ర్యాపిడ్ (వేగంగా కాల్చే) దశలో మూడో షాట్‌కి పిస్టల్ పట్టేసింది. స్లైడ్ (ప్రతి షాట్‌కీ వెనక్కీ ముందుకీ కదిలే భాగం) సగంలో ఆగింది, తూటా ముక్కు ఛాంబర్ (తూటా కూర్చునే గది) అంచుకి గుద్దుకుని పైకి లేచి ఇరుక్కుంది, సీసం మీద గోరుతో గీకినట్టు గీత పడింది. పాప నేర్పినట్టే పిస్టల్‌ని టార్గెట్ వైపే ఉంచి రెండో చెయ్యెత్తింది. అధికారులు చూసి, తప్పు తనది కాదని మళ్లీ అవకాశం ఇచ్చారు. కానీ ఆ దశలో షాట్‌కి ఉండేది 3 సెకన్లు, మధ్యలో విరామం 7 సెకన్లు, ఆ లయ ఒకసారి తెగాక మళ్లీ ఎక్కడ ఆగుతుందోనన్న టెన్షన్‌తోనే మిగతావన్నీ కాల్చింది.

క్లబ్‌లో అడిగితే "ఇంపోర్టెడ్ రౌండ్లేనండీ, మంచివే" అన్నారు. అది నిజమే. అదే లాట్ (ఒకే విడతలో తయారైన తూటాలు) పక్క లేన్ అబ్బాయి పిస్టల్‌లో ఒక్కసారి కూడా ఆగలేదు! పాప వాడే చిన్న .22 తూటాకి అడుగున చుట్టూ అంచు ఉంటుంది, మ్యాగజైన్‌లో (పిస్టల్‌లోకి తోసే తూటాల డబ్బాలో) పై తూటా అంచు కింది దాని అంచుకి వెనక పడితే ముందుకి కదలదు. స్లైడ్‌ని వెనక్కి తోసేది ఆ చిన్న తూటా బలమే కాబట్టి మందు కాస్త తగ్గినా అది పూర్తిగా వెనక్కి రాదు. తూటాల మీది మైనం, కాలిన మసి ఛాంబర్‌లో పేరుకుంటే మరీ కష్టం. అందుకే ఏ తూటా మంచిదని కాదు, ఈ పిస్టల్‌కి ఏది సరిపోతుందని అడగాలి.

కోచ్‌గారి అనుమతితో ఒక ఆదివారం మేమే పరీక్షించాం. ఇసుక సంచి మీద పిస్టల్ ఆనించి, 25 మీటర్ల నుంచి, పాప మూడు లాట్లూ పదేసి తూటాల చొప్పున మూడుసార్లు కాల్చింది. ఒక లాట్ 25 మిల్లీమీటర్లలోపే పడింది, ఇంకోటి 45 దాకా పరుచుకుంది. ప్రెసిషన్ (నిదానంగా గురి చూసి కాల్చే) దశ టార్గెట్‌లో పది పాయింట్ల వలయం వ్యాసమే 50 మిల్లీమీటర్లు, అంటే చెయ్యి ఏమాత్రం కదిలినా ఆ లాట్‌తో తొమ్మిదే! తర్వాత మ్యాగజైన్ల మీద మార్కర్‌తో 1, 2 అని రాసి, ఒక్కో లాట్ నుంచి ఒక్కోదానితో వంద రౌండ్లు కాల్పించాం. నాలుగుసార్లు ఆగింది, నాలుగూ రెండో మ్యాగజైన్‌లోనే, నాలుగూ పోటీనాటి లాట్‌తోనే. పట్టి చూస్తే ఆ మ్యాగజైన్ పెదవి (తూటాని పట్టి ఉంచే పై అంచు) ఒకవైపు కొద్దిగా వంగి ఉంది. అది పోటీకి ముందే తెలిసి ఉంటే పాప అంత ఏడ్చేది కాదు.

విదేశాల్లో ఎలీ, లాపువా లాంటి తూటాల కంపెనీలు షూటర్లని పిలిచి వాళ్ల తుపాకీలోనే లాట్లు పరీక్షిస్తాయి. అంత ఖర్చు మనవల్ల కాదు. క్లబ్బులు తూటాలు ఇచ్చే చీటీ మీద లాట్ నంబరు రాస్తే చాలు, ఒకే పెట్టెలో రెండు లాట్లు కలపకపోతే చాలు, పోటీకి నెల ముందు ప్రతి పిల్లకీ తన పిస్టల్‌లో ఆ లాట్ పరీక్షించుకోవడానికి ఒక పూట ఇస్తే చాలు. మీ క్రీడల పేజీలో పతకాల వార్తల పక్కన ఈ మాట కూడా ఒకసారి వేయండి, క్లబ్బులు నడిపేవాళ్లు మీ పేపరు చదువుతారు.

— ఒక షూటర్ తండ్రి, మారతహళ్లి, బెంగళూరు