రోబో కట్టే పిల్లల చేతికి ముందు వెర్నియర్ ఇవ్వండి

ఎడిటర్ గారికి నమస్కారం.

గత వారం మీ జిల్లా పేజీలో ఒక ఫొటో వేశారు. నలుగురు పిల్లలు, మధ్యలో బల్ల మీద వాళ్లు కట్టిన రోబో, వెనక బ్యానరు. చాలామంది రోబోనే చూసి ఉంటారు. నా చూపు మాత్రం బల్ల మూలకు పోయింది. అక్కడ జామెట్రీ బాక్సులో ఉండే ప్లాస్టిక్ స్కేలు ఒకటి కనిపించింది. వెర్నియర్ (దవడల మధ్య వస్తువును పట్టి సన్నటి కొలతలు తీసే పనిముట్టు) లాంటి కొలిచే సామాను ఇంకేదీ లేదు. ఆ పిల్లలు ఎంత కష్టపడి ఉంటారో నాకు అప్పుడే అర్థమైంది. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను హైదరాబాద్ బాలానగర్‌లో ఒక టూల్‌రూమ్‌లో, అంటే ఫ్యాక్టరీలకు అచ్చులు, పనిముట్లు తయారుచేసే చోట, 31 ఏళ్లు ఇన్‌స్పెక్షన్ పని చేశాను. డైలు (అచ్చులు), ఫిక్చర్లు (పని చేసేటప్పుడు వస్తువును కదలకుండా పట్టే బిగింపులు) తయారయ్యాక నా బల్ల మీదికి వచ్చేవి. కొలిచి నేను సంతకం పెడితేనే గేటు దాటేవి. రిటైరయ్యాక సొంతూరు చేరుకున్నాను. మూడేళ్లుగా వారానికి రెండు మధ్యాహ్నాలు మా మండలంలోని ఒక జిల్లా పరిషత్ హైస్కూలుకు వెళ్తున్నాను. అక్కడ పద్నాలుగు మంది పిల్లలు రోబోటిక్స్ టీమ్ పెట్టుకున్నారు. ఆ స్కూల్లోనే చదువుకున్న ఒకాయన త్రీడీ ప్రింటర్ కొనిచ్చారు, కంప్యూటర్లో గీసిన భాగాన్ని అది ప్లాస్టిక్‌తో తయారుచేస్తుంది. సైన్స్ సార్ తన జేబులోంచి మోటార్లు, రోబోను నడిపించే ఆర్డుయినో బోర్డులు తెచ్చారు. కొలవడానికి ఏముందని అడిగితే స్కేలు చూపించారు.

మొదటి రోజు జరిగింది చెప్తాను. పదో తరగతి అమ్మాయి ఒకతి చక్రం మధ్యలో ఉండే భాగం, అదే హబ్, పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. "సార్, ప్రింటర్ ఖరాబైంది. మూడుసార్లు తీసినం, మూడుసార్లూ బేరింగ్ లోపలికి పోతలేదు" అంది. బేరింగ్ అంటే చక్రం తేలిగ్గా తిరగడానికి హబ్ రంధ్రంలో బిగించే ఉక్కు రింగు. మూడోసారి సుత్తితో కొట్టారట, హబ్ పగిలింది. ఒక్కో హబ్ ప్రింటు కావడానికి రెండున్నర గంటలు పడుతుంది. అంటే ఏడున్నర గంటల కరెంటు, ప్లాస్టిక్ తీగ, అన్నిటికంటే మించి పిల్లల ఓపిక, అంతా వృథా.

మర్నాడు ఇంట్లో ఉన్న నా డిజిటల్ వెర్నియర్ తీసుకెళ్లాను. నిజానికి పాత రకం వాటి మీద కొలత చదువుకోవడానికి ఉండే వెర్నియర్ గీతలేవీ దీని మీద ఉండవు. ఆ గీతల పద్ధతిని పియేర్ వెర్నియర్ అనే ఫ్రెంచి ఆయన 1631లో లోకానికి చెప్పాడు. తెర మీద అంకె చూపించే దాన్ని కూడా మా టూల్‌రూముల్లో ఆయన పేరుతోనే పిలుస్తాం. బేరింగ్ కొలిచాం, 22.00 మిల్లీమీటర్లు. హబ్ రంధ్రం కొలిచాం, 21.72. కంప్యూటర్లో గీసింది 22 కదా అని పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ప్రింటర్ చెడిపోలేదు. కరిగిన ప్లాస్టిక్ గుండ్రంగా తిరుగుతూ చల్లారేటప్పుడు రంధ్రం కాస్త చిన్నదవుతుంది, ఏ ప్రింటర్‌లోనైనా అంతే. ఎంత చిన్నదవుతుందో తెలిస్తే సగం పని అయినట్టే. ఈ ప్రింటర్‌లో 0.28 తగ్గుతోంది. ఆ అమ్మాయి 22.30 అని గీసింది. ఈసారి హబ్ మొత్తం తీయొద్దన్నాను. అయిదు మిల్లీమీటర్ల ఎత్తు రింగు మాత్రమే తీయించాను, పన్నెండు నిమిషాల్లో వచ్చింది. కొలిస్తే 22.02. బొటనవేలితో నొక్కగానే బేరింగ్ వెళ్లి కూర్చుంది. ఆ చప్పుడుకు గదిలో ఉన్న పిల్లలంతా ఒక్కసారిగా కేకలు పెట్టారు.

మంచి స్టీలు డిజిటల్ వెర్నియర్ వెయ్యి రూపాయల అటూ ఇటూ దొరుకుతోంది. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో ఏ హార్డ్‌వేర్ షాపులో అడిగినా చూపిస్తారు. ప్లాస్టిక్‌ది ఇంకా చవక, కానీ నేను వద్దంటాను. నాలుగు నెలలకే దవడలు అరిగిపోయి వాటి మధ్య సందు కనిపిస్తుంది. పెద్ద కంపెనీలవి వేలల్లో ఉంటాయి, స్కూలుకు అంత అవసరం లేదు. వెయ్యి రూపాయల దాని తెర మీద 0.01 వరకు అంకె కనిపించినా, నమ్మాల్సింది 0.03 వరకే అని పిల్లలకు మొదటి రోజే చెప్పాలి. రోబో పనికి అది చాలు.

కొని చేతికిస్తే సరిపోదు. వెలుగుతున్న అంకెను పిల్లలు అనుమానించరు. ఒకరోజు ఒక బాబు కొలిచిన ప్రతిదీ తక్కువ వస్తోంది. ఎనిమిది మిల్లీమీటర్ల రాడ్ 7.6 చూపిస్తోంది, మూడు మిల్లీమీటర్ల బోల్టు 2.6. నేను దవడలు మూసి కిటికీ వెలుగుకు ఎదురుగా పట్టుకున్నాను. మధ్యలో ప్లాస్టిక్ నూగు ఇరుక్కుని ఉంది. అది ఉండగానే జీరో బటన్ నొక్కేశాడు. అప్పటి నుంచి మా దగ్గర ఒక నియమం. దవడలు మెత్తటి పొడి గుడ్డతో తుడవాలి, మూయాలి, వెలుగులో చూడాలి, ఆ తర్వాతే జీరో. పొడి గుడ్డ అని ఎందుకంటున్నానంటే, లోపల సన్నటి రాగి పట్టీల మీద విద్యుత్తు మార్పును లెక్కపెట్టుకుంటూ ఆ పనిముట్టు అంకె చూపిస్తుంది. తడి తగిలితే అంకె గెంతుతుంది. ఎండాకాలం చెమట చేతులతో పట్టుకున్నా అదే తంతు.

ఇంచీల బటన్ ఇంకో తలనొప్పి. వేలు తగిలి మారిపోతుంది. 22 రావాల్సిన చోట 0.866 వస్తే పిల్లలకు ఏమీ అర్థం కాదు, టెన్షన్ పడిపోతారు. ఒక ఇంచీకి 25.4 మిల్లీమీటర్లని గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించాను.

వెర్నియర్ సరిగ్గా ఉందో లేదో చూసుకోవడానికి మా టూల్‌రూమ్‌లో స్లిప్ గేజిలు, అంటే కొలత కచ్చితంగా తెలిసిన ఉక్కు దిమ్మలు, ఉండేవి. స్కూలుకు అవెక్కడివి? 608 నంబరు బేరింగ్ ఒకటి కొత్తది కొని డబ్బాలో దాచమన్నాను. దాని బయటి వ్యాసం 22, లోపలి రంధ్రం 8 మిల్లీమీటర్లు. మంచి కంపెనీ బేరింగ్ అయితే ఈ రెండూ పది మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) లోపు తేడాతోనే వస్తాయి. వెడల్పు 7 అని ఉంటుంది గానీ దాంతో సరిచూడొద్దు, అందులో తేడాకు ఎక్కువ వెసులుబాటు ఇస్తారు. ప్రతి సోమవారం ఒకరు ఆ బేరింగ్ కొలిచి నోట్‌బుక్కులో రాస్తారు. ఆ నోట్‌బుక్కు ఇప్పుడు మూడోది నడుస్తోంది.

వోల్టులు, కరెంటు కొలిచే మల్టీమీటర్ గురించి రాయకుండా ఉండలేను. పోయిన ఏడాది పోటీకి పది రోజుల ముందు మా రోబో నడుస్తూ నడుస్తూ మధ్యలో ఆగి, మళ్లీ మొదటి నుంచి మొదలయ్యేది. ప్రోగ్రామ్‌లో తప్పుందని పిల్లలు రెండు రోజులు కోడ్ తిప్పి తిప్పి రాశారు. బ్యాటరీ కొలిస్తే 12.4 వోల్టులు, బాగానే ఉంది. అది నిలబడి ఉన్నప్పటి మాట. మోటార్లు తిరుగుతుండగా కొలవమన్నాను. బోర్డుకు వెళ్లే చోట బాగా పడిపోతోంది. ఎక్కడ పోతున్నాయి ఆ వోల్టులు? అప్పుడు మీటర్ రెండు కడ్డీలు స్విచ్ రెండు కాళ్ల మీద పెట్టించాను. మంచి స్విచ్ అయితే అక్కడ దాదాపు సున్నా రావాలి. 1.3 వోల్టులు వచ్చింది. ఒక అమ్మాయి స్విచ్ మీద వేలు పెట్టి "సార్, కాలుతుంది" అంది. మిగతాది సన్నటి తీగల్లో పోతోంది. ముప్పై రూపాయల స్విచ్ మార్చి, లావు తీగ వేశాం. కోడ్‌లో ఒక్క అక్షరం మార్చలేదు.

పిల్లలు మల్టీమీటర్‌తో చేసే పెద్ద తప్పు ఒకటుంది. కరెంటు కొలవడానికి ఎర్ర తీగను 10 ఆంపియర్ల సాకెట్లో పెడతారు. పని అయ్యాక తిరిగి మార్చకుండా, అలాగే బ్యాటరీ మీద వోల్టులు కొలవబోతారు. అది నేరుగా షార్ట్ సర్క్యూట్. లిథియం బ్యాటరీ అయితే నిప్పురవ్వలు లేస్తాయి. టీచర్లు ఈ ఒక్క జాగ్రత్త అయినా దగ్గరుండి నేర్పాలని చేతులు జోడించి అడుగుతున్నాను.

ఇంకోటి, వేగం కొలిచే డిజిటల్ టాకోమీటర్. ముట్టుకోకుండా కాంతితో కొలుస్తుంది. మా రోబో తిన్నగా వెళ్లకుండా ఎడమకు లాగేది. రెండు మోటార్ల మీదా 300 ఆర్‌పీఎం (నిమిషానికి 300 చుట్లు) అనే లేబులే ఉంది. చక్రానికి నల్ల టేపు చుట్టి, దాని మీద మెరిసే కాగితం ముక్క ఒక్కటి అంటించి కొలిస్తే కుడిది 291, ఎడమది 268. ఉన్న ఆరు మోటార్లూ కొలిచి, దగ్గర దగ్గరగా తిరిగే రెండింటిని జతచేశారు. మిగిలిన కొద్ది తేడా ప్రోగ్రామ్‌లో సర్దుకున్నారు. జతలు కట్టే ఆలోచన వాళ్లదే, నేను చెప్పలేదు.

బరువుకు వంటింటి డిజిటల్ కాటా చాలు. పోటీల్లో బరువు హద్దు ఉంటుంది, అక్కడికి వెళ్లాక తెలిస్తే ఏడుపే. మోటారు ఎంత లాగగలదో చూడటానికి ప్రయాణాల్లో సూట్‌కేసు తూచే కొక్కెం కాటా పనికొస్తుంది. వాలు కొలవడానికి ఫోన్ సరిపోతుంది, వేరే కొనొద్దు. లేజర్‌తో దూరం కొలిచేది చూడ్డానికి బాగుంటుంది గానీ రెండు మిల్లీమీటర్ల తేడా మామూలు. స్కూలు గదికి స్టీలు టేపు అంతకంటే నయం. మోటారు వేడి చూసే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ కొంటే మాత్రం ఒకటి గుర్తుంచుకోండి. మెరిసే లోహం మీద అది తక్కువ చూపిస్తుంది. ముందు అక్కడ చిన్న మాస్కింగ్ టేపు ముక్క అంటించి, దాని మీద కొలవాలి.

ఇవన్నీ కలిపి అయిదారు వేల రూపాయల సంగతి. డబ్బు లేక ఆగిపోయిందని నేను అనను. పిల్లలు చేతులతో వస్తువులు తయారుచేసి నేర్చుకోవడానికి కేంద్రం బడుల్లో 2016లో మొదలుపెట్టిన అటల్ టింకరింగ్ ల్యాబ్‌లకు ఒక్కో స్కూలుకు 20 లక్షల వరకు గ్రాంటు ఇచ్చారు. వాటికి ఇచ్చే సామాన్లలో కొలత పనిముట్లకు చోటుంది. 2025 కేంద్ర బడ్జెట్‌లో అయిదేళ్లలో ప్రభుత్వ బడుల్లో 50,000 ల్యాబ్‌లు పెడతామని ప్రకటించారు. సంతోషమే. కానీ నేను చూసిన ఒక ల్యాబ్‌లో రెండు డిజిటల్ వెర్నియర్లు ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా బీరువాలో ఉన్నాయి. సెల్ చివికి పచ్చగా కారింది. ఇన్‌చార్జి టీచర్‌ను తప్పుపట్టను. పోతే జీతంలో కోస్తారేమోనని ఆమె భయం. స్టాక్ రిజిస్టర్‌లో ఉన్న వస్తువు కనపడకపోతే సంజాయిషీ రాయాల్సింది ఆమే కదా. పిల్లలు వాడుతుండగా పోయినా, పగిలినా టీచర్ మీద పడదని విద్యాశాఖ ఒక్క సర్క్యులర్ ఇస్తే ఆ బీరువాలు తెరుచుకుంటాయి. వెయ్యి రూపాయల పనిముట్టును సుద్దముక్క లాగా, వాడితే అరిగేదిగా లెక్కరాసుకోవాలి.

కొలత నేర్పేవాళ్లకూ కొరత లేదు. ప్రతి ఐటీఐలో ఫిట్టర్ ట్రేడ్ ఇన్‌స్ట్రక్టర్లు ఉన్నారు. బాలానగర్, జీడిమెట్ల, పటాన్‌చెరుల్లో పనిచేసి రిటైరైన టర్నర్లు, ఫిట్టర్లు, ఇన్‌స్పెక్టర్లు ఊళ్లలో ఎందరో ఉన్నారు. వాళ్లలో చాలామందిని ఏ స్కూలూ ఇంతవరకు పిలవలేదు. హెడ్‌మాస్టర్లు ఒక్కసారి కబురు చేస్తే వస్తారు, నాకు ఆ నమ్మకం ఉంది.

మీ ఫొటోలోని ఆ నలుగురు పిల్లలది ఏ బడో కింద రాశారు. మా ఊరికి నలభై కిలోమీటర్లు. శనివారం మధ్యాహ్నాలు నాకు ఖాళీయే. వాళ్ల సార్ సరేనంటే ఒక వెర్నియర్, రెండు విడి సెల్స్, ఒక 608 బేరింగ్ సంచిలో వేసుకుని వస్తాను. వాళ్ల చక్రాల రంధ్రాలు ఒకసారి కొలిచి చూడాలని ఉంది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ టూల్‌రూమ్ ఇన్‌స్పెక్టర్,
సంగారెడ్డి జిల్లా