‘గివ్ అప్’ అంటే కట్టుడు ఆపేయడమా? విద్యాశాఖ మంత్రి గారికి ఒక జిరాక్స్ షాపు నుంచి

తెలంగాణ విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం.

నేను జగిత్యాల జిల్లాలోని ఒక మండల కేంద్రంలో జిరాక్స్ షాపు నడుపుతాను. హైస్కూలు గేటుకు ఎదురుగానే ఉంటుంది. పేజీ రెండు రూపాయలు, బ్యాక్ టు బ్యాక్ మూడు. ఆధార్ కార్డులు, పాసుపుస్తకాలు, కులం సర్టిఫికెట్లు ఏడాది పొడుగునా వస్తూనే ఉంటాయి. సంక్రాంతి సెలవులు అయిపోయాక మాత్రం మా మిషన్ పదో తరగతి పిల్లల సొంతం. స్పెషల్ క్లాసులు వదిలాక సాయంత్రం ఆరున్నరకు గుంపుగా వస్తారు. లెక్కల సూత్రాలు, సైన్సు బొమ్మలు, సోషల్ మ్యాపులు, వాటి వెంట తప్పకుండా ఒక కాగితం.

"అక్కా, ఇడియమ్స్ పేపర్ ఉన్నదా?"

ఉంటుంది. ఆ కాగితం ఎప్పుడూ ఒక ఫైల్లో సిద్ధంగా పెట్టుకుంటాను. పైన ‘ఇంపార్టెంట్ ఇడియమ్స్ అండ్ ఫ్రేజల్ వెర్బ్స్’ అని హెడ్డింగు, అంటే ఇంగ్లిషు నుడికారాలు, ‘గివ్ అప్’ లాంటి జంట మాటల క్రియలు. కింద రెండు వరుసల్లో ఒక పక్క ఇడియమ్, ఎదురుగా అర్థం. ఒక్క వాక్యం కూడా ఉండదు. దాన్ని ఎవరు తయారు చేశారో ఎవరికీ తెలియదు. ఏదో గైడులోంచి ఎవరో తీశారు, దానికి జిరాక్సు, ఆ జిరాక్సుకు మళ్లీ జిరాక్సు. అంచులు నల్లబడిపోయాయి, మధ్యలో అక్షరాలు పలచబడ్డాయి. అయినా పోయిన ఏడాది పిల్లలు ఈ ఏడాది పిల్లలకు ఇచ్చిపోతున్న ఆస్తి అదే.

కిందటి ఫిబ్రవరిలో ఒక రోజు కరెంటు పోయింది. పిల్లలు షాపు ముందు మెట్ల మీద కూర్చున్నారు. అందులో ఒకడు కళ్లు మూసుకుని, ముందుకూ వెనక్కూ ఊగుతూ చదువుతున్నాడు. "గివ్ అప్, స్టాప్ టైయింగ్. గివ్ అప్, స్టాప్ టైయింగ్."

"టైయింగ్ అంటే ఏందిరా?" అని అడిగాను.

"కట్టుడు అక్కా. షూ లేసు కడ్తం గదా."

"మరి గివ్ అప్ అంటే?"

"కట్టుడు ఆపేసుడు."

వాడి చేతిలో కాగితం తీసుకుని ఫోన్ టార్చి వేసి చూశాను. అసలు ఉండాల్సింది ‘స్టాప్ ట్రయింగ్’, అంటే ప్రయత్నం మానేయడం. ఆ ‘ట్రయింగ్’ అనే మాటలో ‘ఆర్’ అక్షరం ఉండాల్సిన చోట చిన్న తెల్ల మచ్చ ఉంది. కరెంటు వచ్చాక నా ఫైల్లో ఉన్న పాత కాపీ తీసి చూస్తే అందులో ఆ అక్షరం సగం ఉంది. అంటే మిగతా సగాన్ని మింగింది మా మిషనే. టోనర్ అయిపోవస్తున్నప్పుడు అట్లాగే అవుతుంది. ఆ కాగితం ఎన్ని వందలు తీసి ఇచ్చానో లెక్క లేదు. ఇందులో నా తప్పు కూడా ఉందని ముందే ఒప్పుకుంటున్నాను.

నన్ను బాధపెట్టింది ఆ తెల్ల మచ్చ కాదు. స్లిప్ టెస్టులో కూడా అదే రాశానని వాడు చెప్పాడు. టిక్కు కూడా పడిందట. సారును నేను అనడం లేదు. అరవై పేపర్లు ముందేసుకుని కూర్చున్న మనిషికి అన్నీ ఒకే జవాబు అయినప్పుడు ఒక అక్షరం కంటికి ఆనుతుందా? అడిగేది కాగితంలో ఉన్నది ఉన్నట్టు దించారా లేదా అని మాత్రమే అయితే, ‘ట్రయింగ్’ ఒకటే, ‘టైయింగ్’ ఒకటే.

మంత్రి గారూ, నిజం చెప్పాలంటే పదో తరగతి పరీక్షలో ఇడియమ్స్ పేరుతో వచ్చేది చాలా కొద్ది. పేరా ఇచ్చి ఖాళీలకు ఆప్షన్లు పెడతారు, ఉత్తరమో డైరీయో సంభాషణో రాయమంటారు. పదకొండు పేపర్లు ఆరు అయ్యాక ఇంగ్లిషు కూడా రెండు పేపర్ల నుంచి ఒక్కటే అయింది, కొంత బరువు తగ్గింది. అయినా పిల్లలు ఈ జాబితాలు ఎందుకు బట్టీ కొడుతున్నారు? పదాలు తెలియకపోతే పేరా అర్థం కాదు కాబట్టి. పదాలు నేర్చుకోవడానికి వాళ్లకు తెలిసిన దారి ఇదొక్కటే కాబట్టి.

ఇంకో పిల్లవాడి సంగతి చెప్పాలి. వీడు కొంచెం తిక్క. జాబితాలో ‘ఇట్స్ రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్’ ఉంటే నన్ను పట్టుకుని అడిగాడు, "అక్కా, పిల్లులూ కుక్కలూ ఎందుకు కురుస్తయి?" నాకూ తెలియదన్నాను. మనం కుండపోత వాన అనమా, కుండలు కురుస్తాయా, అట్లాంటిదే ఇదీ అన్నాను. వాడి మొహం వెలిగిపోయింది. తర్వాతి టెస్టులో ఆ ఇడియమ్ గుర్తుకు రాక ‘ఇట్ ఈజ్ రెయినింగ్ పాట్స్’ అని రాసి వచ్చాడు. సున్నా. క్లాసంతా నవ్వారట. ఇంగ్లిషులో అది తప్పే, కాదనను. కానీ ఆ కాగితం పట్టుకుపోయిన పిల్లలందరిలో ఇడియమ్ అంటే ఏమిటో తెలిసింది వాడికొక్కడికే అని నా అనుమానం. మాటను ఉన్నదున్నట్టు తీసుకోకూడదు, దాని వెనక ఒక బొమ్మ ఉంటుంది అని పట్టుకున్నాడు. కట్టుడు ఆపేసినవాడికి మార్కు వచ్చింది, కుండలు కురిపించినవాడికి రాలేదు.

మా పిల్లలకు నుడికారం కొత్త కాదండి. పొద్దున లేస్తే అదే మాట్లాడతారు. హోంవర్క్ ఏదని అడిగితే నీళ్లు నములుతారు. పక్కవాడు దొరికిపోతే వీళ్లు భుజాలు తడుముకుంటారు. మా షాపులో బాకీ పెట్టినవాడు నన్ను చూడగానే మొహం చాటేస్తాడు. ఇంత సరుకు నోట్లో పెట్టుకుని తిరిగేవాళ్ల చేతికి వాక్యం లేని ఒక ఎండు జాబితా ఇచ్చి, ఇదే ఇంగ్లిషు అంటున్నాం.

మా పెద్దమ్మాయి 2024లో పది రాసింది. దాని ఇంగ్లిషు రీడర్‌లో ‘వాట్ ఈజ్ మై నేమ్?’ అని ఒక పాఠం ఉంది. ఇంటి చాకిరీలో పడి తన పేరే మర్చిపోయిన ఒక గృహిణి కథ. అమ్మాయి రెండు రోజులు దాంతో కుస్తీ పట్టింది. గ్లాసరీలో ఇంగ్లిషు పదానికి అర్థం మళ్లీ ఇంగ్లిషులోనే ఉంటుంది. ఆ అర్థానికి అర్థం ఎక్కడ వెతకాలి? "పేరు ఎట్ల మర్చిపోతదమ్మా ఎవరైనా? ఉత్త అబద్ధం" అని పుస్తకం మూసేసింది.

కింద పి. సత్యవతి గారి పేరు చూసి నాకు వెలిగింది. అది తెలుగు కథ. తెలుగులో దాని పేరు ‘ఇల్లలకగానే’. ఆ మాట అనగానే వంటింట్లోంచి మా అత్తమ్మ అందుకుంది, "అలకంగనె పండుగైతదా?" అని. ఆమె బడికి పోలేదు. చిక్కుడుకాయలు ఈనెలు తీసుకుంటూనే మనవరాలికి ఈగ కథ చెప్పింది. ఇల్లలుకుతూ అలుకుతూ తన పేరు మర్చిపోయిన ఈగ, కనబడ్డవాళ్లనల్లా నా పేరేమిటని అడుక్కుంటూ పోవడం, చివరికి గుర్రం కడుపులో ఉన్న పిల్ల ‘ఇహిహీ’ అని సకిలిస్తే అందులోంచి తన పేరు తనకు దొరకడం. అమ్మాయి కాసేపు మాట్లాడలేదు. తర్వాత నన్ను చూసి, "అమ్మా, షాపుల అందరూ నిన్ను జిరాక్స్ అక్కా అంటరు గదా" అంది. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పుస్తకం మళ్లీ తెరిచి ఆ పాఠం ఒక్క ఊపులో చదివేసింది. పదాలు అవే, గ్లాసరీ అదే.

ఇంత దగ్గరి కథను పుస్తకంలో పెట్టినవాళ్లకు దండం. కానీ ‘ఇల్లలకగానే’ అన్న ఒక్క మాట పాఠం కింద తెలుగులో ఉంటే ఏం పోయేది? 2022-23లో సర్కారు బడుల్లో ఇంగ్లిషు మీడియం మొదలుపెట్టినప్పుడు ఒక పేజీ ఇంగ్లిషు, పక్క పేజీ తెలుగుతో పుస్తకాలు అచ్చేశారు. చాలా మంచి పని. కప్ప గుండెకు ఎన్ని గదులో తెలుగులో చెప్పడానికి పక్క పేజీ దొరికింది. ‘గివ్ అప్’ అంటే ‘చేతులెత్తేయడం’ అని చెప్పడానికి మాత్రం ఇంగ్లిషు పుస్తకంలో అర అంగుళం దొరకలేదు. తెలుగు కలిస్తే ఇంగ్లిషు పాడవుతుందని భయమేమో. మా పిల్లలు ఫ్రెండుకు రాసే ఇంగ్లిషు ఉత్తరం ‘ఐ యామ్ ఫైన్ హియర్, హోప్ యూ ఆర్ ద సేమ్ దేర్’ అని మొదలవుతుంది. అది మన పాత కార్డు ముక్కల మీద ‘ఇచ్చట మేమంతా క్షేమం, అచ్చట మీరు క్షేమమని తలుస్తాను’ కాక మరేమిటి? తెలుగు ఎట్లాగూ దూరుతుంది. తలుపు తీసి పిలిస్తే మర్యాదగా వస్తుంది.

ఇదేమీ కొత్త ఆలోచన కూడా కాదు. మా ఊళ్లో ఒక రిటైర్డ్ తెలుగు సారు పోయినేడు స్పైరల్ బైండింగ్‌కు ఒక కట్ట తెచ్చారు. 1868లో కార్ అనే ఇంగ్లిషు కెప్టెన్ మద్రాసులో అచ్చేసిన ‘ఆంధ్ర లోకోక్తి చంద్రిక’. తెలుగు సామెత, దాని ఇంగ్లిషు అర్థం, దొరికినచోట దానికి సరిపోయే ఇంగ్లిషు సామెత. బైండింగ్ చేస్తూ చేస్తూ చదువుతూ కూర్చున్నాను, ఆ రోజు రెండు బేరాలు పోయాయి. మన భాష నేర్చుకోవడానికి వచ్చిన దొరలకు అట్లాంటి పుస్తకం దొరికింది. వాళ్ల భాష నేర్చుకునే మన పిల్లలకు ఇంకా దొరకలేదు.

కాబట్టి బడి పుస్తకాలు తయారు చేసే ఎస్‌సీఈఆర్‌టీ వాళ్లతో ఒక చిన్న పుస్తకం చేయించండి. ముప్పై పేజీలు చాలు. పదో తరగతి పాఠాల్లో వచ్చే ఇడియమ్స్, ఫ్రేజల్ వెర్బ్స్, ఒక్కోదానికి ఒక ఇంగ్లిషు వాక్యం, పక్కన మన తెలుగు నుడికారం. సరిపోయేది లేకపోతే లేదని వదిలేయండి, బలవంతంగా అతికించవద్దు. మన టీచర్లలోనే ఇది చేయగలవాళ్లు బోలెడు మంది ఉన్నారు, ఒక వేసవి సెలవుల పని.

రెండోది పరీక్ష సంగతి. తెలుగు పేపర్లో పదం ఇచ్చి ‘సొంతవాక్యంలో ప్రయోగించండి’ అని అడుగుతారు. నేను చదువుకున్న రోజుల నుంచీ ఉంది. బట్టీ కొట్టినవాడు అక్కడ దొరికిపోతాడు, ఎందుకంటే వాక్యం వాడే కట్టుకోవాలి. అదే పద్ధతి ఇంగ్లిషులో రెండు మూడు మాటలకైనా పెట్టండి. దిద్దడం కష్టమవుతుంది, ఒప్పుకుంటాను. తెలుగు టీచర్లు ఇన్నేళ్లుగా దిద్దుతూనే ఉన్నారు కదా. ‘ఐ విల్ నాట్ గివ్ అప్ మై షూ లేస్’ అని ఒకడు రాస్తే తప్పెక్కడుందో అప్పుడైనా బయటపడుతుంది.

మూడోది నోరు. మా దగ్గర పదో తరగతి పాసైనవాళ్లు ఇంగ్లిషులో ఎనభై మార్కులకు అరవై తెచ్చుకుని కూడా, నా షాపుకు ఫోన్ చేసిన కొరియర్ కంపెనీ అమ్మాయితో రెండు ముక్కలు మాట్లాడరు, ఫోన్ నా చేతిలో పెట్టి పారిపోతారు. సీబీఎస్‌ఈ పదో తరగతిలో వినడానికి, మాట్లాడటానికి ఇంటర్నల్‌లో 5 మార్కులు ఉన్నాయి. మన ఇంటర్ బోర్డు కూడా 2023-24 నుంచి ఫస్టియర్ ఇంగ్లిషుకు 20 మార్కుల ప్రాక్టికల్స్ పెట్టింది. మధ్యలో మన పది మాత్రమే మూగది. పదో తరగతిలో ఇంటర్నల్స్ ఉన్నంతకాలం వాటి 20 మార్కుల్లోంచి ఒక అయిదు తీసి నోటికి ఇవ్వండి. ఇంటర్నల్స్ ఎట్లా వేస్తారో అందరికీ తెలుసు, దొంగ మార్కులు పడతాయి అంటారేమో. పడతాయి. కానీ ఆ వంకతోనైనా ఏడాదిలో నాలుగు సార్లు పిల్లవాడు క్లాసులో లేచి నిలబడి ఇంగ్లిషులో నోరు తెరుస్తాడు. మొదటిసారి నీళ్లు నమలనివ్వండి.

ఇవన్నీ జరిగితే నా బేరం కొంత పడిపోతుంది. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఇట్లాంటి పదో తరగతి కాగితాల మీదే రోజుకు నాలుగైదు వందలు చూస్తాను. పర్వాలేదు, పాసుపుస్తకాలు ఉన్నాయి. నేను అడిగిన ఆ ముప్పై పేజీల పుస్తకం బడికి చేరడం ఆలస్యమైతే పీడీఎఫ్ పెట్టించండి. మా హైస్కూలు పదో తరగతిలో ఈసారి 64 మంది ఉన్నారు, వాళ్లందరికీ నేనే ఉచితంగా తీసిస్తాను. టోనర్ కొత్తది వేయించాను.

పాత కాగితం ఒక కాపీ ఈ ఉత్తరానికి జత చేస్తున్నాను. ఎడమ వరుసలో పై నుంచి పదిహేడోది చూడండి. ఎర్ర పెన్నుతో గీత గీశాను.

ఇట్లు,
హైస్కూలు ఎదుటి జిరాక్స్ షాపు,
జగిత్యాల జిల్లా